కొత్త యాప్‌లో చేరితే కొత్త బిజినెస్ వస్తుందా? చిన్న వ్యాపారులు ముందే చూసుకోవాల్సిన లెక్కలివే!

"ఇంకా చేరలేదా? అందరూ ఇక్కడే ఉన్నారు" అంటూ వాట్సాప్‌లో ఒక లింక్ వస్తుంది. నొక్కితే కొత్త యాప్, కొత్త ప్రొఫైల్, కొత్త గ్రూపులు. కిరాణా హోల్‌సేలర్ నుంచి టైలరింగ్ యూనిట్ దాకా, కేటరింగ్ నుంచి పచ్చళ్ల తయారీ దాకా చిన్న వ్యాపారాలు చేసేవాళ్లకు ఇది మామూలైపోయింది. చేరితే టైమ్ వేస్ట్ అవుతుందేమోనని ఒక భయం. చేరకపోతే పక్కషాపు వాడు ముందుకెళ్లిపోతాడేమోనని ఇంకో భయం.

వ్యాపారుల కోసం కొత్త సోషల్ నెట్‌వర్క్ వచ్చినప్పుడు ఎప్పుడు చేరాలి? ఎలా మొదలుపెట్టాలి? ఎక్కడ జాగ్రత్తపడాలి? గత ఇరవై ఏళ్ల అనుభవం ఏం చెబుతోందో చూద్దాం.

మూడు రోజుల్లో వంద రెట్లు

2025 సెప్టెంబర్ నెలాఖరులో చెన్నై కంపెనీ జోహో తయారుచేసిన 'అరట్టై' యాప్ ఒక్కసారిగా దేశమంతా మార్మోగింది. అరట్టై అంటే తమిళంలో పిచ్చాపాటి కబుర్లు. యాప్ కొత్తదేం కాదు. 2021 నుంచే ఉంది. స్వదేశీ యాప్‌లు వాడాలంటూ కేంద్ర మంత్రులు పిలుపునివ్వడంతో జనం ఎగబడ్డారు. రోజుకు 3 వేలుగా ఉన్న కొత్త సైనప్‌లు మూడు రోజుల్లోనే రోజుకు 3.5 లక్షలకు చేరాయని జోహో వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు స్వయంగా వెల్లడించారు. సర్వర్ల సామర్థ్యాన్ని యుద్ధప్రాతిపదికన పెంచుకోవాల్సి వచ్చింది.

అయితే ఇక్కడ రెండు విషయాలు వేరుచేసి చూడాలి. యాప్ డౌన్‌లోడ్ చేసుకోవడం ఒకటి, రోజూ దాన్ని వాడటం ఇంకొకటి. మెటా కంపెనీ 2023 జులైలో 'థ్రెడ్స్' తెచ్చినప్పుడు ఐదు రోజుల్లోనే 10 కోట్ల మంది చేరారు. అదో రికార్డు. కానీ ఆ తర్వాతి వారాల్లోనే వాడకం బాగా తగ్గిపోయింది. మళ్లీ పుంజుకోవడానికి చాలా నెలలు పట్టింది. ఇన్‌స్టాగ్రామ్ అండ ఉన్న యాప్‌కే అంత టైమ్ పడితే, ఏ అండా లేని కొత్త నెట్‌వర్క్ సంగతి చెప్పక్కర్లేదు.

అందుకే "ఎంతమంది చేరారు?" అన్న ప్రశ్న చిన్న వ్యాపారికి పెద్దగా పనికిరాదు. "నాకు సరుకు ఇచ్చేవాళ్లు, నా దగ్గర కొనేవాళ్లు ఇందులో ఎంతమంది ఉన్నారు? వాళ్లు రోజూ తెరుస్తున్నారా?" అన్నదే అసలు ప్రశ్న.

మూతపడ్డ దుకాణాల లిస్టు పెద్దదే

కొత్త నెట్‌వర్క్‌లో చేరడమంటే ఒకరకంగా అద్దె షాపు తీసుకోవడమే. గిరాకీ ఎంత బాగున్నా ఓనర్ ఖాళీ చేయమంటే చేయాల్సిందే. ఈ ఇరవై ఏళ్లలో ఇలా మూతపడ్డ షాపులు తక్కువేం కాదు.

ఆర్కుట్: 2004లో గూగుల్ తెచ్చింది. భారత్, బ్రెజిల్ దేశాల్లో ఊపేసింది. 2014 సెప్టెంబర్ 30న మూసేశారు.

గూగుల్ ప్లస్: 2011లో ఫేస్‌బుక్‌కు పోటీగా వచ్చింది. వెనక గూగుల్ లాంటి సంస్థ ఉన్నా 2019 ఏప్రిల్‌లో సాధారణ యూజర్లకు తలుపులు మూసింది.

టిక్‌టాక్, హెలో: 2020 జూన్ 29న కేంద్రం ఒకే ఆదేశంతో 59 చైనా యాప్‌లను నిషేధించింది. తెలుగు పల్లెల్లో లక్షలాది మంది చేతుల్లో ఉన్న టిక్‌టాక్, తెలుగు కంటెంట్‌తో నిండి ఉన్న హెలో రాత్రికి రాత్రే పోయాయి. వాటి మీదే ఆధారపడి ఫాలోవర్లను పెంచుకున్నవాళ్లు మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

కూ: 2020లో బెంగళూరులో పుట్టింది. తెలుగు సహా పలు భారతీయ భాషల్లో వచ్చింది. మంత్రులు, సెలబ్రిటీలు చేరారు. పెద్ద సంస్థలతో చర్చలు ఫలించకపోవడంతో 2024 జులైలో సేవలు నిలిపివేస్తున్నట్లు వ్యవస్థాపకులు ప్రకటించారు.

ఈ నాలుగింటికీ కారణాలు వేర్వేరు. ఒకటి జనం వెళ్లిపోయి మూతపడింది. ఒకటి అసలు అలవాటే కాలేదు. ఒకదాన్ని ప్రభుత్వం ఆపింది. ఇంకొకటి డబ్బు అందక ఆగింది. కానీ చిన్న వ్యాపారికి తేలిన ఫలితం మాత్రం ఒక్కటే. అక్కడ కట్టుకున్న పరిచయాలు అక్కడే పోయాయి.

అంతెందుకు? 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ దాదాపు ఆరు గంటల పాటు ఒకేసారి ఆగిపోయాయి. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే తీసుకునే వ్యాపారులకు ఆ రాత్రి కస్టమర్ల ఫోన్ నంబర్లు విడిగా రాసిపెట్టుకోవడం ఎంత అవసరమో తెలిసొచ్చింది.

నెట్‌వర్క్ వెనక లెక్క ఏంటి?

ఒక గదిలో 10 మంది ఉంటే వాళ్ల మధ్య 45 జతల పరిచయాలు సాధ్యం. 100 మంది ఉంటే 4,950. అదే 1,000 మంది అయితే 4,99,500. మనుషులు పది రెట్లు పెరిగితే పరిచయాలు దాదాపు వంద రెట్లు పెరుగుతాయి. పెద్ద నెట్‌వర్క్‌లు ఇంకా పెద్దవి కావడానికి, చిన్నవి నిలదొక్కుకోలేకపోవడానికి మూల కారణం ఇదే. వాట్సాప్‌కు మన దేశంలోనే 50 కోట్లకు పైగా యూజర్లున్నారు. దాన్ని వదిలి రమ్మంటే ఎవరూ రారు. ఎందుకంటే అవతలివాళ్లు అక్కడే ఉన్నారు.

అయితే ఈ లెక్కకు ఇంకో వైపు కూడా ఉంది. వ్యాపారికి లక్షల మంది అవసరం లేదు. ఆత్రేయపురంలో పూతరేకులు చేసే చిన్న యూనిట్‌నే తీసుకుందాం. దానికి కావాల్సింది నాణ్యమైన నెయ్యి ఇచ్చే ఇద్దరు ముగ్గురు, అట్టపెట్టెలు చేసే ఒకరు, విరగకుండా పార్శిల్ చేర్చే ఒక ట్రాన్స్‌పోర్ట్, హైదరాబాద్‌, విజయవాడల్లో పది స్వీట్ షాపులు, పెళ్లిళ్లకు రిటర్న్ గిఫ్టులు సప్లై చేసే నలుగురైదుగురు ఈవెంట్ ఆర్గనైజర్లు. మొత్తం కలిపి ఓ ఇరవై మంది. ఈ ఇరవై మంది ఉన్న చిన్న నెట్‌వర్క్, వాళ్లు లేని 50 కోట్ల నెట్‌వర్క్ కంటే ఎన్నో రెట్లు మేలు.

అంటే యాప్ సైజు కాదు, అందులో ఉన్నది ఎవరన్నదే ముఖ్యం. కొత్త నెట్‌వర్క్‌లలో కొన్ని బతికి బట్టకట్టడానికి కారణం కూడా ఇదే. అన్ని రకాల వాళ్లనూ పోగేయకుండా, ఒక ఊరు లేదా ఒక రంగం వాళ్లను గట్టిగా కలిపినవి నిలబడతాయి.

దగ్గరివాళ్ల కంటే ముఖపరిచయాలే ఎక్కువ పనిచేస్తాయా?

అవుననే అంటున్నాయి పరిశోధనలు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనొవెటర్ 1973లో ఒక ప్రసిద్ధ పరిశోధన పత్రం రాశారు. ఉద్యోగాల సమాచారం ఆప్తమిత్రుల కంటే, అప్పుడప్పుడు కలిసే ముఖపరిచయస్తుల ద్వారానే ఎక్కువగా వస్తుందని అందులో చెప్పారు. కారణం సింపుల్. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. దూరపు పరిచయస్తులు వేరే ప్రపంచంలో తిరుగుతారు కాబట్టి కొత్త కబురు మోసుకొస్తారు.

దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2022లో లింక్డిన్‌లో 2 కోట్ల మంది మీద చేసిన అధ్యయనం 'సైన్స్' జర్నల్‌లో వచ్చింది. అదీ ఇదే మాట చెప్పింది. ఒక చిన్న సవరణ మాత్రం చేసింది. మరీ దగ్గరివాళ్లూ కాదు, మరీ ముక్కూమొహం తెలియనివాళ్లూ కాదు. మధ్యస్థంగా తెలిసినవాళ్ల వల్లే ఎక్కువ ఫలితం ఉంటుందని తేల్చింది.

ఇవి రెండూ ఉద్యోగాల గురించిన పరిశోధనలే. కానీ మన బజార్లలో ఈ సూత్రం ఎప్పటినుంచో నడుస్తున్నదే. హైదరాబాద్ బేగంబజార్‌లో ఒక షాపులో వస్తువు లేకపోతే "ఫలానా సందులో అడగండి, నా పేరు చెప్పండి" అంటారు. గుంటూరు మిర్చి యార్డులో కొత్తగా వచ్చిన కొనుగోలుదారుకు తెలిసినవాళ్లెవరైనా ఒక మాట చెబితే పని తేలికవుతుంది. ఆ "నా పేరు చెప్పండి" అన్న మాటకే ఇప్పుడు రెఫరల్ అని పేరు పెట్టారు.

1985లో కాలిఫోర్నియాలో ఇవాన్ మైస్నర్ మొదలుపెట్టిన బీఎన్‌ఐ సంస్థ ఈ రెఫరల్‌నే ఒక పద్ధతిగా మార్చింది. ఒక చాప్టర్‌లో ఒక వృత్తి నుంచి ఒక్కరినే తీసుకుంటారు. ప్రతివారం కలుస్తారు. ఒకరికొకరు కస్టమర్లను పంపుకుంటారు. మన దేశంలోనూ చాలా నగరాల్లో దీని చాప్టర్లున్నాయి. ఇందులో సభ్యత్వ రుసుముతో పాటు వారం వారం సమయం పెట్టాలి. యాప్‌లో ఉచితంగా చేరొచ్చు. కానీ అక్కడ దొరికేది పరిచయమే, నమ్మకం కాదు. నమ్మకం కుదరాలంటే యాప్‌లో అయినా, బజార్లో అయినా టైమ్ పట్టక తప్పదు.

అన్ని యాప్‌లూ ఒకటే పని చేయవు

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. ఏ యాప్ దేనికో తెలియకుండా అన్నింట్లోనూ ఒకే పోస్టర్ పెట్టేస్తుంటారు.

వాట్సాప్ బిజినెస్: 2018 జనవరిలో వచ్చింది. ఇప్పటికే ఉన్న కస్టమర్లను నిలబెట్టుకోవడానికి పనికొస్తుంది. షాపు టైమింగ్స్, వస్తువుల క్యాటలాగ్ పెట్టుకోవచ్చు. కానీ కొత్తవాళ్లను వెతికిపెట్టే పని అది పెద్దగా చేయదు. పైగా బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపే మెసేజ్, షాపు నంబరును ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. ఈ సంగతి తెలియక "వందమందికి పంపాను, ఒక్కరూ పలకలేదు" అనుకునేవాళ్లు ఎందరో!

లింక్డిన్: 2003లో మొదలైంది. 2016లో మైక్రోసాఫ్ట్ 26.2 బిలియన్ డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. కంపెనీలకు సరుకు, సర్వీసు అమ్మేవాళ్లకు ఇది అనువైన చోటు. ఆఫీసులకు భోజనం సప్లై చేసే కేటరర్, ఫ్యాక్టరీలకు యూనిఫాంలు కుట్టే యూనిట్, అకౌంట్స్ చూసే చిన్న సంస్థ లాంటివాళ్లకు పర్చేజ్ మేనేజర్లు దొరికేది ఇక్కడే. ఇడ్లీ బండికి మాత్రం దీంతో పనిలేదు.

ఇండియామార్ట్ లాంటి సైట్లు: 1996 నుంచి ఉన్న ఇండియామార్ట్ సోషల్ నెట్‌వర్క్ కాదు, హోల్‌సేల్ బేరాల డైరెక్టరీ. ఇక్కడ కొనేవాళ్ల ఎంక్వయిరీలు వస్తాయి. అదే ఎంక్వయిరీ పోటీదారులకూ వెళ్తుంది. ముందుగా ఫోన్ చేసినవాళ్లదే పైచేయి.

ఓఎన్‌డీసీ: 2021 డిసెంబర్ 31న ఏర్పాటైన లాభాపేక్ష లేని కంపెనీ. ఇది ఒక యాప్ కాదు. ఒక సెల్లర్ యాప్‌లో పేరు నమోదు చేసుకుంటే వేరే కంపెనీల బయ్యర్ యాప్‌లలోనూ వస్తువు కనిపించేలా చేసే ఏర్పాటు. అమ్మకానికి దారి చూపిస్తుంది. తోటి వ్యాపారులతో పరిచయాలు పెంచడం దీని పని కాదు.

కాబట్టి కొత్త నెట్‌వర్క్ కనిపించగానే అడగాల్సిన మొదటి ప్రశ్న, అది వీటిలో ఏ పని చేస్తుందని. ఇప్పటికే ఉన్నది చేసే పనినే మళ్లీ చేసేటట్టయితే దాని వల్ల అదనంగా ఒరిగేదేంటో చూసుకోవాలి.

మొదటి 30 రోజులు ఎలా?

రోజుకు ఒక గంట అంటే చిన్న విషయంలా అనిపిస్తుంది. కానీ నెలకు 30 గంటలు. పది గంటలు తెరిచి ఉండే షాపుకు అది పూర్తిగా మూడు రోజుల పని. ఒక్కరే కౌంటర్, ఒక్కరే అకౌంట్స్ చూసుకునే చోట ఆ మూడు రోజుల విలువ తక్కువేం కాదు. అందుకే ఒక పద్ధతి ప్రకారం వెళ్లడం మేలు.

మొదటి వారం: ప్రొఫైల్ పూర్తి చేయడం. "నాణ్యతకు మారుపేరు" లాంటి మాటలు ఎవరికీ ఉపయోగపడవు. ఏం చేస్తారు, ఎంత పరిమాణంలో చేస్తారు, ఏ ఊళ్లకు పంపగలరు, కనీస ఆర్డర్ ఎంత, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్న ఐదు విషయాలు ఉంటే చాలు. "ఏటికొప్పాక లక్క బొమ్మలు, కనీసం 50 పీసులు, రెండు వారాల్లో డెలివరీ" అని రాస్తే కొనేవాడికి ఒక్క చూపులో అర్థమైపోతుంది. ఇంటర్నెట్ నుంచి తీసిన ఫొటోల కంటే వర్క్‌షాపులో ఫోన్‌తో తీసిన అసలు ఫొటోలే నమ్మకాన్ని పెంచుతాయి.

రెండో వారం: తెలిసినవాళ్లతోనే మొదలు. ఇప్పటికే లావాదేవీలున్న సప్లయర్లు, పాత కస్టమర్లు, ఒకే బజారులో ఉన్నవాళ్లను కలిపి ఒక 15-20 మందిని యాప్‌లో వెతకాలి. అందులో ఐదుగురు కూడా కనిపించకపోతే ఆ నెట్‌వర్క్ ఇంకా మన ఊరికి రాలేదని అర్థం. అక్కడ ఎక్కువ టైమ్ పెట్టకుండా ప్రొఫైల్ మాత్రం ఉంచి ఊరుకోవచ్చు.

మూడో వారం: అడగడానికి ముందు ఇవ్వడం. చేరిన రోజే "మా దగ్గర కొనండి" అని వందమందికి మెసేజ్ పంపితే స్పామ్ అని బ్లాక్ చేస్తారు. ఎవరైనా మంచి ప్యాకింగ్ మెటీరియల్ ఎక్కడ దొరుకుతుందని అడిగితే, తెలిసిన చోటు చెప్పాలి. ఇద్దరికి ఒకరి అవసరం ఒకరికి ఉందనిపిస్తే కలపాలి. అలా రెండుసార్లు సాయపడ్డ మనిషి మూడోసారి అడిగితే ఎవరైనా వింటారు.

నాలుగో వారం: స్క్రీన్ నుంచి బయటికి. నెల రోజుల పరిచయాల్లో పనికొచ్చేవాళ్లు ముగ్గురో నలుగురో తేలతారు. వాళ్లకు ఫోన్ చేయాలి. వీలైతే వెళ్లి కలవాలి. శాంపిల్ పంపాలి. లైకులతో వ్యాపారం జరగదు. శాంపిల్ చేతికందాకే బేరం మొదలవుతుంది.

కొత్త పార్టీతో బేరం... ఇవి చూశాకే!

తెలిసిన బజారులో మోసం జరిగితే పెద్దమనుషులు పంచాయితీ చేస్తారు. యాప్‌లో పరిచయమైనవాడు ఎక్కడుంటాడో కూడా తెలియదు. అందుకే మొదటి ఆర్డర్‌కు ముందు రెండు నిమిషాలు పెట్టి చేసుకోవాల్సిన చెకింగ్‌లు ఉన్నాయి.

జీఎస్టీ నంబరు: ఇందులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది పాన్ నంబరు. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ కాకుండానే ఈ నంబరు కొడితే సంస్థ పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, ప్రస్తుతం యాక్టివ్‌గా ఉందా రద్దయిందా అన్నవి కనిపిస్తాయి. "విజయవాడలో ఇరవై ఏళ్లుగా ఉన్నాం" అన్నవాళ్ల నంబరు 37తో మొదలుకాకపోయినా, రిజిస్ట్రేషన్ పోయిన నెలదే అయినా కారణం అడగాల్సిందే. టర్నోవర్ తక్కువగా ఉన్న వ్యాపారులకు జీఎస్టీ నంబరు ఉండకపోవచ్చు. అది లేనంత మాత్రాన మోసమని కాదు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్: 2020 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. పూర్తిగా ఉచితం. చేయిస్తామని డబ్బులడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. దీనివల్ల ఇంకో ప్రయోజనం ఉంది. ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రిజిస్టరైన సూక్ష్మ, చిన్న తయారీ, సేవా సంస్థల నుంచి సరుకు తీసుకున్నవాళ్లు 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. ఆలస్యమైతే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చొప్పున వడ్డీ పడుతుంది. గడువులోగా చెల్లించకపోతే కొనుగోలుదారు ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయ పన్ను లెక్కల్లో చూపించుకోలేకుండా కేంద్రం సెక్షన్ 43బీ(హెచ్) కూడా తెచ్చింది. బకాయిలపై ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. కొని అమ్మే ట్రేడర్లకు మాత్రం ఈ 45 రోజుల రక్షణ వర్తించదు. ఉద్యమ్ సర్టిఫికెట్ ఉన్న ట్రేడర్లలో చాలామందికి ఈ తేడా తెలియదు.

ఇవన్నీ ఉపయోగపడాలంటే ఆర్డర్ రాతలో ఉండాలి. యాప్ చాట్‌లో మాట్లాడుకున్నా రేటు, పరిమాణం, గడువు, పేమెంట్ తేదీలతో ఇన్వాయిస్ తప్పక పంపాలి. చాట్ కాపీ విడిగా దాచుకోవాలి. యాప్ మూతపడితే సాక్ష్యం కూడా దాంతోపాటే పోతుంది.

పెద్ద ఆర్డర్ పేరుతో వల

కొత్త నెట్‌వర్క్‌లోకి వ్యాపారుల కంటే ముందే మోసగాళ్లు దిగుతారు. వాళ్లు వాడే పద్ధతులు పాతవే. సైన్యం క్యాంటీన్‌కో, క్యాంపుకో సరుకు కావాలంటూ ఆర్మీ అధికారి పేరుతో ఫోన్ వస్తుంది. ఐడీ కార్డు ఫొటో పంపుతారు. రేటు మీద బేరం ఆడరు. చివర్లో "అడ్వాన్స్ వేస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అంటారు. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు రాదు, పోతుంది.

గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరం లేదు. పిన్ అడిగారంటే అకౌంట్‌లో నుంచి డబ్బు వెళ్తున్నట్టే. ఇంకోటి, బేరం ఆడని హోల్‌సేల్ కస్టమర్ ఎక్కడా ఉండడు. రేటు అడగకుండానే పెద్ద ఆర్డర్ ఖాయం చేశాడంటే ఆలోచించాల్సిందే. మోసపోయామని తెలిసిన వెంటనే 1930 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. "పరువు పోతుంది" అని రెండు రోజులు ఆగితే ఆ అవకాశం కూడా పోతుంది.

'కాంటాక్ట్స్‌కు అనుమతి' నొక్కేముందు...

యాప్ తెరవగానే అడిగే మొదటి పర్మిషన్ ఇదే. అందులో నొక్కేది ఒక్క వేలు. అయితే బయటికి వెళ్లేది ఇరవై ఏళ్ల కష్టం. ఏ ఊళ్లో ఎవరు కొంటారు, ఎవరి దగ్గర సరుకు వస్తుంది అన్న వివరాలే చిన్న వ్యాపారి అసలు ఆస్తి. అందుకే ఆ పర్మిషన్ ఇవ్వకుండా, కావాల్సిన వాళ్లను ఒక్కొక్కరిగా వెతికి కలుపుకోవడమే మంచిది. వ్యాపారానికి వేరే సిమ్, వేరే ఫోన్‌బుక్ ఉంటే ఇంకా మంచిది.

పెద్ద కంపెనీల మీద కూడా ఈ విషయంలో ఆరోపణలున్నాయి. వాట్సాప్ 2021లో తెచ్చిన ప్రైవసీ పాలసీ విషయంలో కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబర్‌లో మెటాకు 213 కోట్ల రూపాయల జరిమానా విధించింది. యూజర్లకు "ఒప్పుకో, లేదా వెళ్లిపో" అన్న పరిస్థితి కల్పించారన్నది అందులోని ప్రధాన అభ్యంతరం. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో పార్లమెంట్ చట్టం చేసింది. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. కస్టమర్ల నంబర్లను వాళ్లకు చెప్పకుండా గ్రూపుల్లో పడేసే అలవాటును వ్యాపారులు కూడా ఇప్పటినుంచే మానుకోవడం మంచిది.

ఎప్పుడు ఉండాలి, ఎప్పుడు వదిలేయాలి?

మూడు నెలలు గడిచాక ఒక కాగితం మీద నాలుగే లెక్కలు వేసుకుంటే విషయం తేలిపోతుంది. కొత్త నెట్‌వర్క్ ద్వారా ఎన్ని నిజమైన ఎంక్వయిరీలు వచ్చాయి? వాటిలో ఎన్ని ఆర్డర్లయ్యాయి? వాళ్లలో రెండోసారి కొన్నదెంతమంది? సరుకు కొనడంలో మంచి రేటు దొరికిన సందర్భాలెన్ని? ఫాలోవర్లు, లైకులు, వ్యూస్ ఈ కాగితం మీదకు రాకూడదు. చిన్న వ్యాపారాల్లో రెండోసారి కొన్న ఒక్క పార్టీ, మొదటిసారి అడిగి వెళ్లిపోయిన ఇరవై మందికి సమానం.

నాలుగింటికీ సున్నా వస్తే మొహమాటం లేకుండా పక్కన పెట్టేయొచ్చు. ఒక్కటి వచ్చినా ఇంకో మూడు నెలలు చూడొచ్చు. అయితే డబ్బు కట్టే ప్రీమియం ప్లాన్ల విషయంలో ఏడాదికి ఒకేసారి కట్టేకన్నా నెలవారీగా తీసుకోవడమే సేఫ్. ముందే మూతపడే యాప్‌కు ఏడాది చందా కట్టి నష్టపోవాల్సిన అవసరం లేదు.

ఉన్నా, వదిలేసినా చేయాల్సిన పని ఒకటుంది. ఆ నెట్‌వర్క్‌లో కుదిరిన ప్రతి మంచి పరిచయాన్నీ పేరు, ఫోన్ నంబరు, ఊరు, ఏం కొంటారు, చివరిసారి ఎప్పుడు మాట్లాడారు అన్న వివరాలతో సొంత పుస్తకంలోనో, ఎక్సెల్ షీట్‌లోనో నెలకోసారి రాసుకోవాలి. లింక్డిన్ లాంటి వేదికల్లో సొంత డేటా డౌన్‌లోడ్ చేసుకునే ఆప్షన్ ఉంటుంది. కొత్త యాప్‌లో అలాంటి ఆప్షన్ ఉందో లేదో చేరిన రోజే సెట్టింగ్స్‌లో చూసుకోవాలి. లేకపోతే ఆ పని చేత్తో చేసుకోక తప్పదు.

దేశంలో ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సంస్థలే 6 కోట్లు దాటాయి. వాటిలో అత్యధికం ఒకరో ఇద్దరో నడిపే సూక్ష్మ సంస్థలు. మార్కెటింగ్ డిపార్ట్‌మెంట్ ఉండదు. ఓనరే సేల్స్‌మన్, ఓనరే క్యాషియర్. ఇలాంటివాళ్ల కోసం రేపు ఇంకో యాప్ వస్తుంది, ఎల్లుండి మరోటి వస్తుంది. వాటిలో ఒకటి నిజంగానే సిరిసిల్ల మరమగ్గాల యజమానికి కొత్త కొనుగోలుదారును, మంగళగిరి నేతన్నకు కొత్త షోరూమ్‌ను చూపించొచ్చు. కాబట్టి తలుపులు మూసుకోవాల్సిన పనిలేదు. వారానికి రెండు మూడు గంటలు, పాతిక మంది పరిచయాలు, మూడు నెలల గడువు పెట్టుకుని ప్రయత్నిస్తే పోయేది పెద్దగా ఏమీ లేదు. పాత కస్టమర్ ఫోన్ మోగుతున్నప్పుడు మాత్రం కొత్త యాప్ పక్కన పెట్టి, ముందు ఆ ఫోన్ ఎత్తాలి.